దారిలో పోయిన ప్రాణానికి లెక్క ఎవరు చెప్పాలి?

ఆ రోజు నైట్ డ్యూటీ. రాత్రి రెండు దాటి ఉంటుంది. క్యాజువాలిటీ మెట్ల ముందు ఒక ప్రైవేటు అంబులెన్సు వచ్చి ఆగింది. డెబ్బై కిలోమీటర్ల అవతలి ఊళ్లో ఒక నర్సింగ్‌హోమ్ వాళ్లు ‘ఇక మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని పంపిన కేసు. అరవై దాటిన మనిషి. చాలా ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బు, దాని మీద నిమోనియా.

ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. మాస్కు కింద వేలాడే సంచి మాత్రం గాలి తీసిన బెలూనులా అతుక్కుపోయి ఉంది. ఆక్సిజన్ వస్తుంటే ఆ సంచి ఉబ్బి ఉండాలి. సిలిండరు వైపు చూస్తే గేజి ముల్లు సున్నా మీద ఉంది. నాడి అందలేదు. అరగంట పాటు ఛాతీ నొక్కాం, గొంతులోకి ట్యూబు వేశాం, ఇంజెక్షన్లు ఇచ్చాం. ఫలితం లేకపోయింది.

కొడుకు ఏడవలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. ‘సార్, ఇక్కడికి వచ్చేసరికి మా నాన్న ఉన్నారా, లేరా?’ లేరని చెప్పాను. ‘మరి ఎక్కడ పోయారు సార్? టోల్‌గేటు దగ్గర మంచినీళ్లు అడిగారు.’

దానికి నా దగ్గర జవాబు లేదు. చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. ఒకరు బండి నడిపినతను, ఇంకొకరు వెనక కూర్చున్న కుర్రాడు. అతను డ్రైవరుకు బంధువట, ఏ శిక్షణా లేదు. నేను బయటికి వచ్చి చూసేసరికి బండి లేదు. కిరాయి ముందే తీసుకున్నారు. కేస్‌షీటు మీద ‘చనిపోయిన స్థితిలో తీసుకొచ్చారు’ అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఏళ్లకు దగ్గరపడుతున్న ఉద్యోగంలో ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం చెయ్యి ఆగింది.

ఎందుకంటే లెక్క చాలా చిన్నది. అంబులెన్సుల్లో, వార్డుల్లో మనం చూసే మధ్యరకం సిలిండరును బీ టైపు అంటారు. నిండుగా ఉంటే అందులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. సంచి ఉన్న మాస్కుకు నిమిషానికి కనీసం 10 లీటర్లు పెట్టాలి. అంటే నిండు సిలిండరు రెండున్నర గంటలు వస్తుంది. ముల్లు సగంలో ఉంటే గంటా పావు. రోగి మరీ ఆయాసపడుతున్నాడని 15 లీటర్లకు పెంచితే ఆ సగం సిలిండరు యాభై నిమిషాల్లో అయిపోతుంది. డెబ్బై కిలోమీటర్లు, మధ్యలో ఊళ్లు, స్పీడ్‌బ్రేకర్లు, టోల్‌గేటు కలిపి ఎంతసేపు పడుతుందో ఆ డ్రైవరుకు తెలియనిది కాదు. బయల్దేరే ముందు గేజి చూసి గుణించి భాగిస్తే చాలు. ఐదో తరగతి పిల్లాడు చేసే లెక్క. ఎవరూ చేయలేదు.

సరే, దారిలో ఆక్సిజన్ అయిపోయిందనుకుందాం. అప్పుడైనా చేతులెత్తేయనక్కర్లేదు. అంబూ బ్యాగు అని చేత్తో నొక్కి ఊపిరి ఎక్కించే సంచి ఉంటుంది. సిలిండరు లేకున్నా మన చుట్టూ ఉన్న గాలితోనే అది పనిచేస్తుంది. ఆ గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. సరిపోదు, నిజమే. కానీ ఊపిరి ఆగిపోతున్న మనిషికి అది కొన్ని నిమిషాలను ఇస్తుంది. ఆ కొన్ని నిమిషాల్లో దారిలోని ఏరియా ఆసుపత్రికి చేరవచ్చు. ఆ బండి అలాంటి రెండు ప్రభుత్వాసుపత్రుల గేట్ల ముందు నుంచే వచ్చింది. రెండింట్లోనూ ఆక్సిజన్ ఉంది. బండిలో అంబూ బ్యాగు కూడా ఉందని కొడుకే తర్వాత చెప్పాడు, ‘ఏదో రబ్బరు బంతిలాంటిది, ప్లాస్టిక్ కవర్లో ఉంది సార్’ అని. కవరు విప్పలేదు.

నా దృష్టిలో సన్నద్ధత అంటే ఇదే. పరికరాల జాబితా తర్వాతి సంగతి. ఉన్న పరికరాన్ని ఆ క్షణంలో తీసి వాడే మనిషి వెనక కూర్చుని ఉన్నాడా లేడా అన్నది అసలు సంగతి.

అంబులెన్సు అనగానే మనకు ఒకటే బొమ్మ కళ్లముందు కదులుతుంది. తెల్ల వ్యాను, ముందు అద్దంలో చదవడానికి తిప్పి రాసిన అక్షరాలు, పైన లైటు, సైరను. చట్టం దృష్టిలో మాత్రం అన్నీ ఒకటి కావు. కేంద్ర రవాణా శాఖ తెచ్చిన ఏఐఎస్ 125 ప్రమాణాలు వీటిని నాలుగు రకాలుగా విడదీశాయి. మొదటిది, సంఘటన స్థలానికి చేరి ప్రథమ చికిత్స అందించే వాహనం. రెండోది, స్థిరంగా ఉన్న రోగిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించే వాహనం. మూడోది బేసిక్ లైఫ్ సపోర్ట్. నాలుగోది అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్, అంటే వెంటిలేటరు, డీఫిబ్రిలేటరు వంటివి ఉండి వాటిని వాడగలిగినవాళ్లు కూడా ఉండేది. మనం ఆసుపత్రి గేటు దగ్గర బేరమాడి ఎక్కించుకునే బండ్లలో చాలా వరకు, బోర్డు మీద ఏమి రాసి ఉన్నా, రెండో రకానికి మించవు. డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనిషికి అది చాలు. ఊపిరి అందని మనిషికి చాలదు. తేడా ఏమిటో కుటుంబానికి తెలియదు, చెప్పాల్సినవాళ్లు చెప్పరు.

మన రాష్ట్రంలో 108 పుట్టిందే ఈ గందరగోళానికి జవాబుగా. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు నమూనా అయింది. డ్రైవరును పైలట్ అనడం, వెనక శిక్షణ పొందిన ఈఎంటీ ఉండటం, ఆ ఈఎంటీ ఫోనులో డాక్టరుతో మాట్లాడుతూ మందులివ్వడం, ప్రతి కేసుకూ ఒక కాగితం నింపి ఆసుపత్రిలో అప్పగించడం, ఇవన్నీ అంతకు ముందు మనకు తెలియని అలవాట్లు. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ప్రమాదంలో గాయపడినవాళ్లు ఆటోలో, ఎడ్లబండిలో, ఒకసారి ఇసుక ట్రాక్టరులో కూడా వచ్చారు. ఆ రోజులు చూసినవాణ్ని కాబట్టి 108ను తేలిగ్గా మాట్లాడను. అయితే ఏ సేవైనా పాతబడుతుంది. బండ్లు అరుగుతాయి, బ్యాటరీలు చస్తాయి, సక్షన్ మెషీన్ మోటారు మూలుగుతుంది, గ్లూకోమీటరు స్ట్రిప్పులకు గడువు దాటుతుంది. షిఫ్టు మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి బండి అప్పగించే ఆ పది నిమిషాల్లో ఇవన్నీ తేలాలి. డీఫిబ్రిలేటరు ఆన్ చేసి చూడాలి, సిలిండరు ముల్లు చూడాలి, రెండో సిలిండరు ఉందో లేదో చూడాలి. చూడకుండానే టిక్కులు పెట్టిన చెక్‌లిస్టు ఖాళీ సిలిండరు కన్నా ప్రమాదకరం. ఖాళీ సిలిండరు కనీసం సున్నా చూపిస్తుంది.

ఇక జవాబుదారీ. రోగి చనిపోగానే మన దగ్గర రెండే జరుగుతాయి. ఒకటి, ఎవరో ఒకరి చొక్కా పట్టుకోవడం. రెండు, ఏమీ జరగకపోవడం. మొదటిది రాత్రి జరుగుతుంది, రెండోది తెల్లారాక మొదలవుతుంది.

ఖాళీ సిలిండరు గురించి మన సుప్రీంకోర్టు ఒకసారి లోతుగానే ఆలోచించింది. 1995లో లూథియానాలో ఆయాసంతో ఉన్న ఒక రోగికి ఆక్సిజన్ పెట్టబోతే తెచ్చిన సిలిండరు ఖాళీగా ఉంది. ఇంకొకటి తెచ్చి బిగించేలోపు ఆయన పోయారు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. పదేళ్ల తర్వాత, 2005 ఆగస్టు 5న, జాకబ్ మాథ్యూ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పు వచ్చింది. 108 మొదలవడానికి సరిగ్గా పది రోజుల ముందు. కోర్టు ఏమన్నదంటే, సిలిండరు అందుబాటులో లేకపోవడానికి ఆసుపత్రి సివిల్ బాధ్యత వహించాల్సి రావచ్చు, అంతమాత్రాన ఆ డాక్టర్లను నేరస్థులుగా విచారించడం కుదరదు, డాక్టరును క్రిమినల్ కేసులో నిలబెట్టాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలి. కేసు ముందుకు పోవాలంటే ముందు నిష్పక్షపాతంగా చూసే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది.

ఈ తీర్పు డాక్టర్లను కాపాడటానికే వచ్చిందని కొందరంటారు. నేను డాక్టరును కాబట్టి నా మాట పక్షపాతంగా వినిపించవచ్చు. కానీ అందులో ఒక ఇంగితం ఉంది. సిలిండరు ఖాళీగా ఉండటం ఒక మనిషి తప్పు కాకపోవచ్చు. నింపి పంపాల్సిన కాంట్రాక్టరు, చూడాల్సిన సూపర్‌వైజరు, డబ్బు ఆపిన ఆఫీసు, అందరూ ఆ సున్నా వెనక ఉంటారు. చివర్లో దాన్ని పట్టుకుని నిలబడ్డవాడి మీదే పడితే మిగిలినవాళ్లు హాయిగా తప్పుకుంటారు.

అంబులెన్సు సిబ్బందికి ఆ పాటి రక్షణ కూడా లేదన్నది చాలామందికి తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే ఐదేళ్ల వరకు జైలు. చికిత్స చేస్తూ రిజిస్టర్డ్ డాక్టరు వల్ల జరిగితే రెండేళ్ల వరకు. ఆ మినహాయింపు మెడికల్ రిజిస్టరులో పేరున్న డాక్టర్లకే. ఈఎంటీకి ఆ రిజిస్టరులో పేరుండదు. అంటే పక్కన డాక్టరు లేకుండా, పరుగెత్తే బండిలో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో సూది వేసే మనిషికి, ఏసీ గదిలో అదే తప్పు చేసిన నా కన్నా పెద్ద శిక్ష పొంచి ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పారామెడిక్కులను ఒక వృత్తిగా గుర్తించింది. వాళ్లకంటూ రిజిస్టరు, ప్రమాణం, తప్పు చేస్తే విచారించే వేదిక ఊరూరా పనిచేయడం మొదలైతే ఈ అన్యాయం కొంత తగ్గుతుంది. డ్రైవరు బంధువును వెనక కూర్చోబెట్టే వ్యాపారం కూడా తగ్గుతుంది.

దెబ్బలు తినేది కూడా వాళ్లే. వైద్య సిబ్బంది మీద దాడులను శిక్షించే చట్టం మనకు 2008 నుంచే ఉంది. కానీ అర్ధరాత్రి ఊరి చివర ఇరవై మంది మధ్య నిలబడ్డ ఇద్దరికి ఏ చట్టం అడ్డొస్తుంది? బండి ఆలస్యమైందని కొట్టారని ఒక ఈఎంటీ మొన్న మా దగ్గరే కుట్లు వేయించుకున్నాడు. ఆలస్యానికి కారణం అంతకు ముందు కేసు. ఆ కేసును దింపుకోవడానికి మా క్యాజువాలిటీలోనే స్ట్రెచరు దొరకలేదు.

ఇది మా ఇంటి తప్పు, చెప్పుకోక తప్పదు. బండి గుమ్మం ముందుకు వచ్చాక రోగిని మేం ఎంతసేపట్లో దింపుకుంటున్నాం? మంచం లేదు, ట్రాలీ లేదు, కాస్త ఆగండి అంటాం. రోగి అంబులెన్సు స్ట్రెచరు మీదే, అంబులెన్సు ఆక్సిజన్ మీదే ఉంటాడు. బయట గేజి ముల్లు దిగుతూ ఉంటుంది. ఆ బండి కోసం ఇంకో ఊళ్లో ఇంకెవరో ఎదురుచూస్తుంటారు. 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వాసుపత్రులు మంచాలు లేవని తిప్పి పంపాయి. ఆ కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, అత్యవసర చికిత్స అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. అంబులెన్సుల్లో తగిన పరికరాలు, వైద్య సిబ్బంది ఉండాలన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది. దాదాపు ముప్పై ఏళ్ల నాటి మాట.

నర్సింగ్‌హోమ్ వాళ్ల సంగతి కూడా అంతే. రోగి పరిస్థితి చేయి దాటుతోందని తెలిసి ‘తీసుకెళ్లిపోండి’ అనడం రెఫర్ చేయడం కాదు, వదిలించుకోవడం. పంపే ముందు ఊపిరిని నిలబెట్టాలి, ఎక్కడికి పంపుతున్నారో అక్కడికి ఫోను చేయాలి, ఏమేం ఇచ్చారో కాగితం రాయాలి, ఏ రకం బండి కావాలో వాళ్లే చెప్పాలి. బేరం మాత్రం కుటుంబానికి వదిలేస్తారు.

అందుకే నేననేది, అంబులెన్సులో జరిగిన ప్రతి మరణాన్నీ కూర్చుని చూసే పద్ధతి ఒకటి కావాలని. కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. బాలింతలు, గర్భిణుల మరణాల విషయంలో మనం 2010 నుంచి ఇది చేస్తూనే ఉన్నాం. ఒక తల్లి చనిపోతే ఇంటికి వెళ్లి కుటుంబాన్ని అడుగుతారు. ఇంట్లో నిర్ణయం ఎందుకు ఆలస్యమైంది, దారిలో ఎందుకు ఆలస్యమైంది, ఆసుపత్రిలో ఎందుకు ఆలస్యమైంది అని మూడు ఆలస్యాలనూ విడదీసి రాస్తారు. దారిలో పోయినా ఆ మరణం లెక్కలోకి వస్తుంది. జిల్లా కలెక్టరు ముందు సమీక్ష జరుగుతుంది, బంధువులనూ పిలుస్తారు. ఎవరినో శిక్షించడం కోసం కాదు, ఎక్కడ తెగిందో తెలుసుకోవడం కోసం అని మార్గదర్శకాల్లోనే ఉంది. నేను అలాంటి సమావేశాల్లో కూర్చున్నాను. అన్నీ గొప్పగా జరుగుతాయని అనను, కొన్ని కాఫీతో మొదలై సంతకాలతో ముగుస్తాయి. అయినా ఫలానా మండలంలో రాత్రిపూట బండి లేదని, ఫలానా చోట రక్తం దొరకలేదని తేలింది అక్కడే. ఆ ప్రశ్నలే గుండెపోటు రోగికి, ఆయాసం రోగికి, రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రాడికి ఎందుకు అడగకూడదు? ప్రైవేటు బండి అయినా సరే, ఆ సమీక్షకు వచ్చి తీరాలి. రాని బండికి పర్మిట్ ఎందుకు?

అలా చూస్తే చాలా మరణాల్లో సిబ్బంది తప్పు లేదనే తేలుతుంది. ఇది కుటుంబాలకు వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. గుండె ఆగిపోయాక సీపీఆర్, షాకు అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అన్ని హంగులూ ఉన్న దేశాల్లో కూడా ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో ఇంటికి తిరిగి వెళ్లేది సుమారు పదిమందిలో ఒక్కరే. పది నిమిషాల్లో బండి వచ్చినా, ఆ పది నిమిషాలూ ఇంట్లో ఎవరూ ఛాతీ నొక్కకపోతే వచ్చినవాళ్లు చేయగలిగింది కొంచెమే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మధ్యలో, రెండంగుళాల లోతున నొక్కడం మీ ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలి. ఇంకొకటి, దారిలో పరిస్థితి విషమిస్తే సిబ్బంది దగ్గరి ఆసుపత్రికి తిప్పుతామంటారు. ‘వద్దు, మేం అనుకున్న ఆసుపత్రికే పోనివ్వండి’ అని పట్టుబట్టేది చాలాసార్లు మనమే.

ప్రైవేటు బండి మాట్లాడుకునేటప్పుడు కిరాయి కన్నా ముందు వెనక కూర్చునేది ఎవరు, ఏం చదివారు అని అడగండి. సిలిండరు ముల్లు మీరే చూడండి, ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. నిమిషానికి ఎన్ని లీటర్లు పెడుతున్నారో అడిగి పైన చెప్పిన లెక్క వేయండి. సందేహముంటే రెండో సిలిండరు లేకుండా కదలనివ్వకండి. ఎన్నింటికి ఫోను చేశారు, బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి బయల్దేరింది అన్నది మీ ఫోనులోనే రాసి పెట్టుకోండి. చెడు జరిగితే గుర్తుండదు. 108లో అయితే సిబ్బంది నింపిన కాగితం ఉంటుంది, కాల్ వివరాలు ఉంటాయి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాతపూర్వకంగా అడగండి. ఆసుపత్రి రికార్డులైతే అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకు 2002 నాటి నిబంధన ఉంది. అంబులెన్సు కాగితానికీ అంత స్పష్టమైన గడువు ఉండాలని నేనంటాను.

ఆ కొడుకు నెల దాటాక మళ్లీ వచ్చాడు. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం తిరుగుతున్నాడట. మా ఆసుపత్రిలో మరణం జరగలేదు కాబట్టి ఇక్కడ నమోదు చేయలేదు. ఊళ్లో అడిగితే ఇక్కడ పోలేదుగా అన్నారు. కదిలే వాహనంలో మరణిస్తే ఆ వాహనం నడుపుతున్న బాధ్యుడే, బండి మొదట ఆగిన చోట సమాచారం ఇవ్వాలని జనన మరణాల నమోదు నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంగతి చెప్పి, బండి నంబరు గుర్తుందా అని అడిగాను. లేదన్నాడు. దరఖాస్తులో మరణించిన స్థలం అన్న గడి ఖాళీగా ఉంది. టోల్‌గేటు తర్వాత ఎంతసేపటికి మాస్కు కింద సంచి చప్పబడిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూ చాలాసేపు నా ఎదుట కూర్చున్నాడు.